సరిహద్దు బురుజులో ఒంటికాలి దొంగ

“నేరం ఈ భూమ్మీద ఏ మూల పుట్టినా సరే, చివరికి నా ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడాల్సిందే!”

కదులుతున్న బస్సు నడిమధ్య నిలబడి బాబాయి ఈ ప్రకటన చేశాడు. అప్పుడే డ్రైవరు బ్రేకు వేశాడు. నేరం సంగతి ఏమోగాని, బాబాయి మాత్రం వెళ్లి మా వీధి ఫోటోలాయన ఒళ్లో కూర్చున్నాడు.

“ఒరేయ్, ముందు నువ్వు నిలబడడం నేర్చుకో. నేరం తర్వాత నిలబడుతుంది,” అంది నానమ్మ.

మా వీధివాళ్లం నలభైమందిమి బస్సు మాట్లాడుకుని సరిహద్దు బురుజు చూడడానికి బయలుదేరాం. ఒకప్పుడు అక్కడ రెండు రాజ్యాలు ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకునేవట. ఇప్పుడు రాజ్యాలు లేవు, రాజులు లేరు, బురుజు కూడా సగమే ఉంది. అనుమానం మాత్రం మా బాబాయి దగ్గర మిగిలింది.

బాబాయికి మా బజారులో గడియారాల రిపేరు కొట్టు ఉంది. బీరువాకన్నా కాస్త పెద్దది. కుర్చీ లోపలుంటే మనిషి బయట, మనిషి లోపలుంటే కుర్చీ బయట. అక్కడ కంటికి నల్లటి చిన్న భూతద్దం బిగించుకుని ఆవగింజంత స్క్రూలు విప్పుతుంటాడు. ఆ అద్దంలోంచి రెండంగుళాల దూరంలో ఉన్నది కొండంత కనిపిస్తుంది. మూడో అంగుళం నుంచి అంతా పొగమంచే. దాన్ని కొట్టులో వదిలేసి వస్తే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కాని డిటెక్టివ్ అన్నాక కంటికి అద్దం ఉండాలట. అది పెట్టుకునే ఊరంతా తిరుగుతాడు. దారిలో ఎదురైన కరెంటు స్తంభాలకి నమస్కారం పెడతాడు.

పోయిన నెలలో పెద్దత్త కళ్లజోడు కనిపించకపోతే, బాబాయి వీధిలో ఏడుగురి వేలిముద్రలు తీసుకున్నాడు. కళ్లజోడు దొరకలేదు. స్టాంపు ప్యాడ్ కూడా పోయింది.

నాకు డైరీ రాసే అలవాటుంది. నలుగురిలో నోరు పెగలదు. ఈ రెండూ చూసి బాబాయి నన్ను అసిస్టెంటుగా వేసుకున్నాడు. “నువ్వు మాట్లాడవు, రాస్తావు. ఇంతకన్నా అర్హత ఏం కావాలమ్మడూ!” అన్నాడు. అలా ఆ రోజు ఒక చేతిలో డైరీ, ఇంకో చేతిలో నానమ్మతో బస్సు దిగాను.

బురుజు ముందు రోడ్డు ఏటవాలుగా ఉంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, “వెనక చక్రం కింద ఎవరైనా ఓ రాయి అడ్డం పెట్టండి బాబూ! ఈ బండి బ్రేకుకి మూడ్ ఎప్పుడెలా ఉంటుందో తెలీదు!” అని అరిచాడు. ఎవరో పెట్టినట్టున్నారు, బస్సు ఆగింది. నేను నానమ్మని, నానమ్మ సంచిని, సంచిలోంచి దొర్లిపోయిన మందుల డబ్బాని దింపుకునే హడావిడిలో అటు చూడలేదు.

ముందు బురుజు చూశాం. గుండ్రంగా, పైకప్పు లేకుండా, ఎవరో కొరికి వదిలేసిన కొబ్బరిచిప్పలా ఉంది. మెట్లు పదిహేడు ఎక్కాక పద్దెనిమిదో మెట్టు ఉండాల్సినచోట ఆకాశం ఉంది. తర్వాత సుంకం చావడికి వెళ్లాం. పూర్వం సరిహద్దు దాటే బళ్లని ఆపి సుంకం వసూలు చేసిన గది అది. గుమ్మం మరీ పొట్టిది. “రాజుగారి బంట్రోతు ముందు అందరూ వంగాలని అలా కట్టారు,” అని ఎవరో చెప్పారు. అందరం వంగి వెళ్లాం. బాబాయి వంగాల్సిన అవసరం రాలేదు. ఆయనది మొదటినుంచీ రాజమర్యాదలు ఎరిగిన ఎత్తు. అక్కణ్ణుంచి గుర్రాలకి నీళ్లు పెట్టే రాతి తొట్టి, ఆ తర్వాత సరిహద్దు రాయి. నానమ్మ ఆ రాయికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి, “ఇప్పుడు నన్ను ఏ రాజు పిలిచినా ఇంకో రాజ్యంలో ఉన్నానని చెప్తా,” అంది. ఫోటోలాయన ఫోటో తీశాడు.

సరిగ్గా పదకొండింటికి బురుజు దగ్గర్నుంచి కేక వినిపించింది.

“అయ్యో! రాయి పోయిందిరా!”

బాబాయి ముఖం వెలిగిపోయింది. పండిన టమాటాలా అయింది. “అమ్మడూ, రాయి!”

“ఏ రాయి బాబాయ్?”

“డైరీలో రాయమంటున్నాను! ‘రక్తం గడ్డకట్టే కేక’ అని రాయి!”

పరుగెత్తాం. బురుజు గుమ్మం దగ్గర, పొద్దున మేం పట్టించుకోకుండా దాటిపోయిన చెక్కల చట్రం మీద ఓ రాతి కమాను ఉంది. రెండువైపుల నుంచీ రాళ్లు పైకి ఎక్కి, నడినెత్తిన మాత్రం ముందరి పన్ను ఊడిన నోరులా ఖాళీ ఉంది. దాని కింద ఓ ముసలి తాపీ మేస్త్రి తలపట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ అయిదుగురు పనివాళ్లు నేలంతా వెతుకుతున్నారు.

“మేస్త్రిగారూ, కంగారు పడకండి. నేను వచ్చేశాను,” అన్నాడు బాబాయి.

“ఎవరు బాబూ నువ్వు?”

“నా పేరు చెప్తే దొంగలు వణుకుతారు. అందుకే చెప్పను.”

మేస్త్రి తాత నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఇలాంటప్పుడు నాకు బాగా అలవాటైన పని అది.

అసలు సంగతి తాత చెప్పాడు. పాత కమాను ఒరిగిపోతే, మూడు నెలల క్రితం రాయి రాయీ విప్పారట. విప్పేటప్పుడే కమాను ఒక కాలి నుంచి ఇంకో కాలి దాకా వరసగా ఎర్రరంగుతో నంబర్లు వేశారట, తిరిగి కట్టేటప్పుడు ఏ రాయి చోటు దానికే దక్కాలని. మొత్తం ఇరవయ్యేడు రాళ్లు. ఇరవయ్యారు కూర్చున్నాయి. ఆఖరున నెత్తిమీద దిగ్గొట్టాల్సిన నడిమి రాయి, పద్నాలుగో నంబరు, ఒక్కటే మిగిలింది. పొద్దున అందరూ కలిసి టీకి వెళ్లొచ్చారు. ఇప్పుడు ఎక్కించబోతే లేదు.

“వేరే రాయి చెక్కుకోండి మేస్త్రిగారూ,” అంది నానమ్మ.

“కుదరదమ్మా. మూడింటికి పాత కట్టడాల ఆఫీసరమ్మ వస్తుంది. పాత రాళ్లన్నీ నంబరు నంబరుగా లెక్క చూస్తుంది. చెక్కలు తీశాక కమాను నిలబడితే బురుజు పనంతా మాకే ఇస్తారు. ఒక్క రాయి పోగొట్టామని తేలితే...” తాత గోడవైపు చూపించాడు. అక్కడ కొత్త రేకు బోర్డు ఒకటి ఆనించి ఉంది. ‘ప్రమాదం. లోపలికి ప్రవేశం లేదు.’ పక్కనే ముళ్లతీగ చుట్ట. “ఇవి బిగించి, మమ్మల్ని ఇంటికి పొమ్మంటారు. నలభై ఏళ్ల నుంచి గోడలు కడుతున్నానమ్మా. కమాను మాత్రం ఇదొక్కటే దొరికింది.”

‘కమాను ఇదొక్కటే’ అని డైరీలో రాసి కింద గీత గీశాను. బాబాయికి అలాంటివి పట్టవు. కంటి అద్దం సర్దుకున్నాడు.

“మేస్త్రిగారూ, దొంగ పదమూడు తీసుకోలేదు. పదిహేను తీసుకోలేదు. పద్నాలుగే ఎందుకు తీసుకున్నాడు?”

“మిగతావి గోడలో ఉన్నాయి కాబట్టి బాబూ.”

“అంత సులువైన కారణం ఉంటే నన్నెందుకు పిలుస్తారు?”

“మేం పిలవలేదు.”

“రాయి ఎలా ఉంటుంది?” అని నానమ్మ అడిగింది.

“ఇంత ఉంటుందమ్మా, చంకలో పెట్టుకుని మోయొచ్చు. ఒకవైపు వెడల్పు, ఇంకోవైపు సన్నం...”

“వర్ణనలు వద్దు!” బాబాయి చెయ్యెత్తాడు. “నేను మనసుతో చూస్తాను. కనిపిస్తోంది. ఏనుగంత రాయి. దానిమీద సింహం బొమ్మ. సింహం నోట్లో రహస్యం!”

తాత మళ్లీ నావైపు చూశాడు. నేను మళ్లీ తల దించుకున్నాను.

అప్పుడే బాబాయి నేలమీద పడుకున్నాడు. పడిపోయాడనుకుని పనివాళ్లు నీళ్లు తెచ్చారు. ఆయన అద్దంతో నేల చూస్తున్నాడు. కలిపి ఉంచిన సున్నం తొట్టి పక్కనుంచి తెల్లటి అడుగు ఒకటి బయలుదేరింది. దానికి బారెడు దూరంలో ఇంకొకటి. అన్నీ ఎడమ కాలివే.

బాబాయి లేచి, గొంతు తగ్గించి, “అమ్మడూ, గుండె దిటవు చేసుకో,” అన్నాడు. “మనం వెతుకుతున్నది ఒంటికాలి మనిషిని.”

“ఒంటికాలితో అంత రాయి ఎత్తుకుపోయాడా?” అంది నానమ్మ.

“అందుకేనమ్మా, వాడు మామూలు దొంగ కాదు!”

నేను బాబాయి పాదాలవైపు చూశాను. ఎడమ చెప్పు చుట్టూ తెల్లటి అంచు ఉంది. ఎలాగో నోరు తెరిచాను.

“బాబాయ్, నీ చెప్పు...”

“నేనెందుకు చెప్పాలి? సమయం వచ్చినప్పుడు లోకమే చెప్తుంది. నువ్వు రాయి.”

రాశాను. ‘ఎడమ చెప్పుకి సున్నం’ అని కూడా రాశాను. డైరీలో నా గొంతు బాగానే లేస్తుంది.

అక్కణ్ణుంచి వేట మొదలైంది. ముందు అద్దంతో బాబాయి, వెనక డైరీతో నేను, ఆ వెనక వేరుశనగలు తింటూ నానమ్మ, ఇక చూడ్డానికేం మిగల్లేదు కాబట్టి బస్సు జనమంతా. అడుగులు సుంకం చావడిలోకి వెళ్లాయి.

“చూశారా! దొంగకి చరిత్ర తెలుసు!” అన్నాడు బాబాయి.

అడుగులు రాతి తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగాయి.

“దాహం వేసింది. అంటే మనిషే!”

పొద్దున ఆ తొట్టిలో నీళ్లెందుకు లేవో కనుక్కుంటానని బాబాయే దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అదీ రాశాను. అడుగులు సరిహద్దు రాయి దగ్గరికి వెళ్లి, అటువైపు ఒకటి, ఇటువైపు ఒకటి పడ్డాయి.

“అంతర్జాతీయ ముఠా,” అన్నాడు బాబాయి. చెమట తుడుచుకోడానికి రుమాలు తీసి, పొరపాటున నానమ్మ ముఖం తుడిచాడు.

సరిహద్దు రాయి నుంచి అడుగులు బాగా వెలిసిపోయి, ఫోటోలాయన పొద్దున కూర్చున్న చెట్టు నీడ దాకా వెళ్లాయి. ఫోటోలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. పక్కన ఉబ్బిన సంచి ఉంది. బాబాయి దానిమీదికి దూకాడు.

“కదలకు! ఆ సంచిలో ఏముంది?”

“ఏం లేదండీ.”

“ఏం లేకపోతే అంత లావుగా ఎందుకుంది?”

ఫోటోలాయన చెవులు ఎర్రబడ్డాయి. మెల్లగా జిప్పు తీశాడు. లోపల పువ్వుల గలీబు తొడిగిన దిండు ఉంది.

“ఇంట్లో మధ్యాహ్నం నిద్ర పడనివ్వరండీ, ముగ్గురు పిల్లలు,” అన్నాడు. “ఫోటోలు తీసుకొస్తానని చెప్పి వచ్చాను. దయచేసి మా ఆవిడకి చెప్పకండి.”

వాళ్లావిడ ఆయన వెనకే నిలబడి ఉంది. ఆ కేసు అక్కడే తేలిపోయింది, మా కేసు మాత్రం తేలలేదు. బాబాయి దిండుని వాసన చూసి, “రాయిని దిండుగా మార్చే అవకాశం కొట్టిపారెయ్యలేం,” అన్నాడు.

ఇంకా ఒక దారి మిగిలిందని బాబాయికి గుర్తొచ్చింది. సున్నం తొట్టి దగ్గర్నుంచి రెండోవైపు కూడా నాలుగడుగులు ఉన్నాయి. చాలా లోతుగా పడ్డాయి, బరువు మోసినవాడి అడుగుల్లా. అవి తిన్నగా వెళ్లి మా బస్సు వెనక చక్రం దగ్గర ఆగిపోయాయి.

“అర్థమైంది!” అన్నాడు బాబాయి. “ఇక్కడే బస్సెక్కి పారిపోయాడు!”

“బస్సు ఇక్కడే ఉంది గదరా,” అంది నానమ్మ.

“అదేనమ్మా వాడి తెలివి!”

డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి నవ్వుతుంటే హారను మోగింది. ఆ మోతకి బదులన్నట్టు కింద మలుపులో ఇంకో హారను మోగింది. ఆఫీసు జీపు. టైము మూడుకి అయిదు నిమిషాలు తక్కువ. బాబాయి గడియారాల మనిషి కాబట్టి ఆయన చేతికి మూడు గడియారాలున్నాయి. మూడూ మూడు టైములు చూపిస్తున్నాయి, అది వేరే సంగతి.

మేస్త్రి తాత లేచి, తలపాగా విప్పి దులిపి మళ్లీ కట్టుకున్నాడు. ఆఫీసరమ్మ జీపు దిగి, చేతిలో కాగితాల అట్టతో కమాను ముందుకొచ్చి, పైన ఖాళీవైపు చూసింది.

“మేస్త్రిగారూ, నడిమి రాయి ఏది?”

తాత ఖాళీ చేతులు చూపించాడు.

“నేను చెప్తాను మేడం!” బాబాయి ముందుకొచ్చాడు. “దొంగ మన మధ్యే ఉన్నాడు. ఎవరూ కదలొద్దు! డ్రైవర్, బస్సుని రోడ్డుకి అడ్డంగా పెట్టు! ఒక్క ప్రాణి కూడా తప్పించుకోకూడదు!”

ఆఫీసరమ్మ ఆశ్చర్యంగా చూసింది. డ్రైవరుకి ఇలాంటివి సరదా. బస్సు స్టార్టు చేసి జానెడు ముందుకి జరిపి, “గురువుగారూ, ఆ అడ్డురాయి తీసి పక్కన పెట్టండి, లేకపోతే వెనక్కొచ్చేటప్పుడు టైరు ఎక్కేస్తుంది,” అన్నాడు.

బాబాయి వెళ్లి రాయి ఎత్తి చంకలో పెట్టుకుని వచ్చాడు. బురద పట్టి ఉంది. పెట్టడానికి చోటు చూశాడు. జనం గుండ్రంగా మూగారు, వెనకవాళ్లకి బాబాయి కనిపించడం లేదు. “ఎవరు మాట్లాడుతున్నారు? ఎక్కడున్నారు?” అని ఎవరో అడిగారు. బాబాయికి అది నచ్చలేదు. చంకలోని రాయిని నేలమీద పెట్టి, దానిమీదికి ఎక్కి నిలబడ్డాడు.

ఇప్పుడు అందరికీ కనిపించాడు.

“మహాజనులారా! ఆ రాయి కోసం రెండు రాజ్యాలు గాలించాను. నా కాళ్లకింద నేల సాక్షిగా చెప్తున్నాను, ఆ రాయి ఈ ప్రాంతంలో లేదు! ఇప్పటికి సముద్రాలు దాటేసి ఉంటుంది!”

మేస్త్రి తాత నేలమీద కూలబడ్డాడు. ఆఫీసరమ్మ నిట్టూర్చి, జేబులోంచి కలం తీసింది. రేకు బోర్డు దగ్గరున్న పనివాడు దాన్ని ఎత్తాలా వద్దా అన్నట్టు చూశాడు.

“దొంగ ఎవరంటే...” అని బాబాయి వేలు ఎత్తి, నాటకంలోలాగా ఒక్కసారి గిర్రున తిరిగాడు. ఆ ఊపుకి కంటి అద్దం ఊడిపోయింది. రాయి మీద ఒకసారి ఎగిరి, దాని పక్కకి దొర్లి ఆగింది. అది పోతే కొట్టు మూసుకోవాల్సిందే. ఎప్పటిలాగే ఏరుకోవాల్సిన పని నాదే కాబట్టి వంగాను.

అద్దం రాయికి ఆనుకుని నిలబడి ఉంది. అద్దంలో ఎర్రగా, కొండంత పెద్దగా, నాలుగు అంకె కనిపించింది. అద్దం తీసేసి, వేలితో బురద తుడిచాను. నాలుగుకి ముందు ఒకటి అంకె ఉంది. రాయి ఒకవైపు వెడల్పు, ఇంకోవైపు సన్నం. చక్రం కింద దూర్చడానికి అచ్చంగా చెక్కినట్టుంది.

చుట్టూ నలభైమంది, పైగా ఒక ఆఫీసరు. పైన బాబాయి ఇంకా వేలు తిప్పుతూనే ఉన్నాడు. ఎదురుగా తాత తలపాగా మళ్లీ విప్పేస్తున్నాడు.

“బాబాయ్, దిగు!”

నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. చావడి మీది పావురాలు లేచిపోయాయి.

“అసిస్టెంటు మాట్లాడకూడదని...”

“దిగు బాబాయ్! నువ్వు దానిమీదే నిలబడ్డావు!”

బాబాయి కిందికి చూశాడు. అద్దం లేదు కాబట్టి మొదటిసారి స్పష్టంగా కనిపించింది. పద్నాలుగు. నెమ్మదిగా ఒక కాలు దించాడు. తర్వాత సున్నం ఉన్న ఎడమ కాలు దించాడు. జనమంతా ఆ చెప్పుని చూశారు.

“చక్రానికి రాయి తెమ్మంటే...” బాబాయి గొంతు గడియారం ముల్లంత సన్నగా వచ్చింది. “సున్నం తొట్టి పక్కన ఇదొక్కటే ఉంది... చంకలో బాగా ఇమిడింది...”

“నా కడుపున పుట్టాడు ఒంటికాలి దొంగ,” అంది నానమ్మ.

తాత మాత్రం ఎవరినీ తిట్టలేదు. పాకుతూ వచ్చి రాయిని రెండు చేతులా తడిమాడు, పసిపిల్లకి దెబ్బ తగిలిందేమో చూసినట్టు. అంచు ఎక్కడా విరగలేదు. ఇద్దరు పనివాళ్లు దాన్ని పైకి అందించారు. తాత నిచ్చెనెక్కి చెక్కసుత్తితో కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఖాళీ పూడిపోయింది. కింద చట్రానికున్న మేకులు ఒక్కొక్కటే తీశారు. చెక్కలు కిందికి జారాయి. కమాను ఒక్కసారి, కుర్చీలో సర్దుకుని కూర్చున్న పెద్దమనిషిలా, సన్నగా మూలిగింది.

నిలబడింది.

అందరికన్నా ముందు దాని కిందనుంచి తాతే నడిచాడు. తర్వాత ఆఫీసరమ్మ నడిచి, అటువైపు వెళ్లాక కాగితం మీద సంతకం పెట్టింది. “ఆ బోర్డు జీపులో వెయ్యండి. ఇక్కడ దాంతో పనిలేదు,” అంది.

రాయి చోటు చేరాక నంబరు తుడిచేయడం వాళ్ల పద్ధతట. తడిగుడ్డ తీసుకుని తాత నావైపు వచ్చాడు. “నువ్వు తుడువు తల్లీ.” బాబాయి “సాక్ష్యాలు చెరపకూడదు!” అనబోయి, నానమ్మ చూపు చూసి ఊరుకున్నాడు. నేను నిచ్చెనెక్కి పద్నాలుగు తుడిచాను. పైనుంచి చూస్తే రెండు రాజ్యాలూ ఒకేలా ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో బాబాయి అరగంట సేపు చెప్పుకి అంటిన సున్నం గోకాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. “ఒక్కసారి ఆలోచించండి! రోజంతా ఆ రాయిని పది టన్నుల బస్సు కింద భద్రంగా దాచింది ఎవరు? నేను దాచకపోతే నిజం దొంగ ఎత్తుకుపోయేవాడు కాదా? అమ్మడూ, రాయి!”

టీ కోసం డ్రైవరు బస్సుని ఓ ఎత్తుమీద ఆపాడు. బస్సు కొంచెం వెనక్కి జారింది. డ్రైవరు అలవాటుగా తల బయటపెట్టి, “ఎవరైనా ఓ రాయి...” అన్నాడు.

బాబాయి అప్పటికే ఫుట్‌బోర్డు మీదున్నాడు.

“మీరు కూర్చోండి!” అని బస్సంతా ఒక్కసారి అరిచింది. అందరికన్నా గట్టిగా అరిచింది నేనేనని నానమ్మ ఇప్పటికీ అందరికీ చెప్తుంది.